కిన్సేల్ నుంచి డూలిన్ దాకా కుటుంబంతో కారులో: డింగిల్ దాటాక ఏ దారి మేలు?

జూన్‌లో అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో ఏడు సీట్ల కారులో ఐర్లండ్‌లోని కిన్సేల్, డింగిల్, డూలిన్ తిరగాలి. డింగిల్ నుంచి ట్రాలీకి కానర్ పాస్ అనే ఇరుకు కొండదారి ఎక్కాలా, మానాలా? అక్కడ 2 టన్నులు దాటిన బండ్లకు అనుమతి లేదు, పెద్ద కార్లు దానికి దగ్గరపడతాయి. ఒక పక్క రాతిగోడ లాంటి కొండ. ఇరుకులో బండి ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. దాని బదులు అనాస్కాల్ ఊరి మీదుగా ఎన్86 రోడ్డు పట్టుకుంటే పెద్దవాళ్లకు కుదుపులు తగ్గుతాయా? ఆ తర్వాత టార్బర్ట్‌లో కార్లనూ ఎక్కించుకునే ఫెర్రీ ఎక్కితే 20 నిమిషాల్లో డూలిన్ ఉన్న క్లేర్ కౌంటీ ఒడ్డు, లిమరిక్ నగరం మీదుగా చుట్టు తిరగడం తప్పుతుంది. మధ్యాహ్నం అక్కడ క్యూ ఎంతుంటుంది? 150 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలకు తగిన చైల్డ్ సీటో బూస్టర్ సీటో తప్పనిసరి కదా, మూడో వరుస తెరిచాక పెద్ద సూట్‌కేసులు పడతాయా? ఆ దారిలో నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.