ఎలియట్ నోట్స్‌ని కవితలో భాగంగా చదవాలా?

నమస్కారం అండి. ఎం.ఏ. ఇంగ్లీషు ప్రాజెక్టుకి టి.ఎస్. ఎలియట్ ‘ది వేస్ట్ ల్యాండ్’ తీసుకున్నాను. కవిత కష్టంగానే ఉంది, అది అందరికీ ఉండేదే. నా చిక్కంతా కవిత చివర ఎలియటే రాసి పెట్టిన నోట్స్‌తో.

1922 అక్టోబరులో లండన్ పత్రిక ‘క్రైటీరియన్’లో, ఆ వెంటనే అమెరికా పత్రిక ‘డయల్’లో ఈ కవిత వచ్చినప్పుడు నోట్స్ లేవు. డిసెంబరులో పుస్తకంగా వేసినప్పుడు చేర్చారు. 1956లో ఒక ఉపన్యాసంలో ఎలియటే వాటిని బూటకపు పాండిత్యమని తేలిక చేసి మాట్లాడాడు. అంతకు పదేళ్ల ముందే, కవి ఉద్దేశంతో కవితను కొలవకూడదని వాదించిన విమర్శకులు విమ్‌శాట్, బియర్డ్‌స్లీ తమ వ్యాసంలో ఈ నోట్స్ గురించి కూడా చర్చించారు.

నేను రాస్తున్నది కవిత ఐదో భాగం మీద. బృహదారణ్యక ఉపనిషత్తులో ప్రజాపతి బోధ ముందు దేవతలకు దమం (నిగ్రహం), తర్వాత మనుషులకు దానం, ఆఖరున అసురులకు దయ. ఎలియట్ దాన్ని ‘దత్త, దయధ్వం, దమ్యత’ (ఇవ్వండి, దయ చూపండి, నిగ్రహించుకోండి) అని వరస మార్చేశాడు. దేవతలు, అసురులు అసలు కవితలోకే రారు. నోట్‌లో ఉపనిషత్తు పేరు ఉంది గానీ ఈ మార్పు ఊసే లేదు.

మా గైడ్ గారు నోట్స్ పక్కన పెట్టి కవిత మీదే నిలబడమంటున్నారు. అలాగైతే ఉపనిషత్తుతో పోల్చి వాదించడం కుదురుతుందా? కేవలం ఈ వరస మార్పు మీద ఎవరైనా విమర్శకులు రాసి ఉంటే చెప్పగలరా? చివర్లో ‘శాంతిః’ ఉంది కాబట్టి ఎలియట్ మనవాడే అనే రకం వ్యాసాలు మాత్రం వద్దండీ, చాలానే చదివాను. సబ్మిషన్ దగ్గర పడుతోంది, కొంచెం టెన్షన్‌గా ఉంది.