కాల్‌లో కెమెరా తప్పనిసరి చేయాలా? మీరేమంటారు

తీరిక_లేదు
మా టీమ్‌లో పన్నెండు మందిమి. అందరం ఇళ్ల నుంచే పనిచేస్తాం. రోజూ పొద్దున అరగంట కాల్ ఉంటుంది. నేను మాట్లాడుతుంటే ఎదురుగా పదకొండు నల్ల గళ్లు, వాటి మీద పేర్లు, అంతే. ఎవరు వింటున్నారో, ఎవరు లేచి వెళ్లారో తెలియదు. "వినబడుతోందా?" అని ఒక్క కాల్‌లోనే నాలుగుసార్లు అడుగుతున్నాను. వచ్చే వారం నుంచి కెమెరా తప్పనిసరి అని చెబుదామనుకుంటున్నా. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలని, కిటికీ వీపు వెనక కాకుండా ఎదురుగా ఉండాలని, మాట్లాడనప్పుడు మైక్ మ్యూట్‌లో పెట్టాలని ఒక పేజీ రాసి పెట్టుకున్నా. పంపే ముందు మీ అభిప్రాయం కావాలి.

కేబుల్
కెమెరా సంగతి తర్వాత. ముందు అందరినీ వైఫై మానేసి లాన్ కేబుల్ పెట్టుకోమనండి.

సాయంత్రం
మీ పేజీ బాగుందండీ, ఒక్క "తప్పనిసరి" అన్న మాట తప్ప. అందరి ఇళ్లలో నెట్ ఒకేలా ఉండదు. గొంతు ఒక్కటే పంపడానికి 100 కేబీపీఎస్ కూడా అక్కర్లేదు. 720పీ (హెచ్‌డీ) వీడియోకి 1 ఎంబీపీఎస్ పైనే, అంటే దానికి పదింతలు పైనే కావాలి. డౌన్‌లోడ్ ఎంత ఉన్నా అప్‌లోడ్ తక్కువైతే మన బొమ్మే ఆగిపోతుంది, దాంతోపాటు మాటా తెగిపోతుంది. మాట ముఖ్యమా, ముఖం ముఖ్యమా?

తీరిక_లేదు
మా వాళ్లందరికీ కంపెనీయే నెట్ బిల్లు ఇస్తోంది. స్పీడ్ టెస్ట్ పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. పైగా నెట్ తగ్గితే యాప్ తనంతట తానే బొమ్మ నాణ్యత తగ్గించుకుంటుంది. కాబట్టి నెట్ ఒక కారణం కాదు.

కేబుల్
మేడమ్, స్పీడ్ టెస్ట్‌తో అన్నీ తెలియవు. స్పీడ్ వంద చూపించినా కాల్ తెగుతుంది. చూడాల్సింది ఆలస్యం, మధ్యలో పోతున్న ప్యాకెట్లు, అంటే మన మాటని ముక్కలు చేసి పంపే డేటా. మన మాట అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 సిఫార్సులో ఉంది. బాగా మించితే ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. అది అందరం పడ్డదే.

నా సంగతి చెబుతా. రోజూ ఒకే సమయానికి నా కాల్ తెగేది. నెట్ వాళ్లకి మూడుసార్లు ఫోన్ చేశా. చివరికి చూస్తే వంటింట్లో మైక్రోవేవ్. అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, నా వైఫై 2.4 మీద ఉంది. రూటర్ ఆ గోడకి అవతలే. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చా, ఆ రోజుతో ఆ బాధ పోయింది. అయితే 5 గోడలు దాటి ఎక్కువ దూరం రాదు, అందుకే రూటర్ ఉన్న గదిలోనే కూర్చోవాలి. అంతకంటే కేబుల్ మేలు.

కొత్తగా_చేరా
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే నా గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది అంటున్నారు. ఎందుకు?

కేబుల్
తమ్ముడూ, పాటలు వినేటప్పుడు బ్లూటూత్ ఒక పద్ధతిలో పనిచేస్తుంది, మైక్ ఆన్ చేయగానే ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది. అప్పుడు రెండు వైపులా నాణ్యత పడిపోతుంది. సెట్టింగ్స్‌లో వినడానికి బడ్స్ ఉంచి, మైక్ దగ్గర ల్యాప్‌టాప్ మైక్ ఎంచుకో. వైరు ఇయర్‌ఫోన్ ఉంటే అసలు గొడవే లేదు, మైక్ నోటికి దగ్గరగా ఉంటుంది.

సాయంత్రం
నెట్ పక్కన పెడదాం, నేను అనవసరంగా దాంతో మొదలుపెట్టాను. అలసట సంగతి చూడండి. 2021లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ దీనికి నాలుగు కారణాలు రాశారు: అన్ని ముఖాలు అంత దగ్గరగా మనల్నే చూస్తున్నట్టుండటం, గంటల తరబడి మన ముఖం మనమే చూసుకోవడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, తలూపడం లాంటివి కూడా పనిగట్టుకుని చేయాల్సి రావడం. అదే ఏడాది 103 మంది ఉద్యోగులతో నాలుగు వారాలు చేసిన ఇంకో పరిశోధనలో, కెమెరా ఆన్ చేసిన రోజుల్లోనే అలసట ఎక్కువని తేలింది. ఆడవాళ్లలో, కొత్తగా చేరినవాళ్లలో ఇంకా ఎక్కువట. మీ టీమ్‌లో వాళ్లు లేరా?

తీరిక_లేదు
ఉన్నారు, నేనూ ఆడదాన్నే. మన బొమ్మ మనకి కనబడకుండా దాచుకునే ఆప్షన్ ఉంది. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవచ్చు. కాల్ అరగంటే. మూగ గళ్లతో మాట్లాడే నా అలసట గురించి ఏ పరిశోధనా అడగలేదు! నిజం చెప్పాలంటే, వినాలని లేనివాళ్లకి కారణాలు ఎన్నయినా దొరుకుతాయి.

సాయంత్రం
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నా, ఏ రోజూ కాల్ ఎగ్గొట్టలేదు.

ఎందుకంత గట్టిగా వద్దంటున్నానో చెబుతా వినండి. పాత ఉద్యోగంలో కెమెరా తప్పనిసరి. నా బల్ల మీద రెండు తెరలు, కెమెరా కుడివైపు దానికి ఉండేది. ఒకరోజు కాల్‌లో మా లీడ్ పంపిన ఫైల్‌నే ఎడమ తెర మీద తెరిచి, ఆయన చెబుతున్న వరుసలు చూసుకుంటూ వింటున్నా. ఆయన స్క్రీన్‌షాట్ తీసి, నా బొమ్మ చుట్టూ ఎర్ర గీత గీసి, "ఈవిడ ఎటు చూస్తున్నారు?" అని నలభై మంది ఉన్న గ్రూప్‌లో పెట్టాడు. ఆయన ఫైలే చూస్తున్నానని నేను రాసింది ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత కాల్‌లో ఉన్నంతసేపూ కెమెరా పక్కనున్న పచ్చ దీపాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఏం చెప్పారో ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు.

మోడరేటర్
ఇద్దరూ కొంచెం తగ్గండి. ఎదుటివారి పనితనం మీద వ్యాఖ్యలు వద్దు.

తీరిక_లేదు
వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. మీకు జరిగింది చాలా అన్యాయం.

నా కారణం కూడా ఇంతవరకు చెప్పలేదు. మా టీమ్‌లో ఒకబ్బాయి రెండు నెలలు కెమెరా వేయలేదు. ఏం చెప్పినా "ఓకే" అనేవాడు. పనీ అవుతోంది కదా అని ఊరుకున్నా. ఒక శుక్రవారం రాజీనామా మెయిల్ వచ్చింది. అప్పుడు ఫోన్ చేస్తే తెలిసింది, వాళ్ల నాన్నగారు నెలన్నరగా ఆసుపత్రిలో ఉన్నారట, చాలా కాల్స్ అక్కడి వరండాలో కూర్చునే మాట్లాడాడట. ముఖం ఒక్కసారి కనబడి ఉంటే అడిగేదాన్ని. సెలవు ఇప్పించేదాన్ని. ఆఫీసులో పక్క సీట్లో ఉంటే ఇది జరిగేదా?

సాయంత్రం
వినడానికే కష్టంగా ఉంది. కానీ కెమెరా తప్పనిసరి చేసి ఉంటే ఆ అబ్బాయి ఆసుపత్రి వరండాలో ముఖం సర్దుకుని కూర్చునేవాడు, లేదా ఇంకా ముందే మానేసేవాడు. పదిమంది ముందు ఎవరూ కష్టం చెప్పుకోరు. వారానికొకసారి విడిగా ఫోన్ చేసి "ఎలా ఉన్నావ్?" అని అడిగితే చెప్పేవాడేమో.

తీరిక_లేదు
పదకొండు మందికీ విడిగా ఫోన్ అంటే నా రోజంతా అదే అవుతుంది. అయినా ముఖం చూస్తే తెలిసేది గొంతులో తెలియదు. అక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను.

చెవిమాట
రెండు రోజులుగా చదువుతున్నా. నాకు వినికిడి తక్కువ, మిషన్ పెట్టుకుంటాను. సగం పెదవులు చూసి అర్థం చేసుకుంటాను. క్యాప్షన్లు ఉన్నా తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడితే తప్పులు పడతాయి. నాకు పన్నెండు ముఖాలు అవసరం లేదు. మాట్లాడుతున్న ఒక్కరి ముఖం చాలు. కానీ ఆ ఒక్కటీ సరిగా ఉండాలి. కిటికీ వెనక ఉంటే కెమెరా ఆ వెలుగుకి సర్దుకుని ముఖాన్ని నల్లగా చేస్తుంది, పెదవులు కనబడవు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మాట్లాడేవాళ్లు ఉంటారు, వాళ్ల వేళ్లు నోటికి అడ్డం వస్తాయి. ఇద్దరు కలిసి మాట్లాడితే నేను ఎవరిని చూడాలి? మొదట కేబుల్ గారు ఆలస్యం గురించి రాసింది నిజం, మాటా పెదవీ కలవకపోతే నేను ఆ వాక్యం వదిలేసుకోవాల్సిందే.

సాయంత్రం
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదండీ. నేను మాట్లాడేటప్పుడు తప్పకుండా కెమెరా వేస్తాను. రేపటి నుంచే.

తీరిక_లేదు
పేజీ మార్చాను. మాట్లాడేవారికి కెమెరా తప్పనిసరి. వినేవారికి వేయమని కోరుతున్నాను, తప్పనిసరి కాదు. ఈ రెండోది నాకిష్టం లేకుండానే మార్చాను. వెలుతురు గురించి చెవిమాట గారు చెప్పింది మొదటి పేరాలో పెట్టాను.

కొత్తగా_చేరా
మైక్ మార్చాను అన్నా, ఇప్పుడు బాగా వినబడుతోందన్నారు. థ్యాంక్స్.

సాయంత్రం
ఇంకొక్కటి చేర్చండి. చెప్పకుండా ఎవరూ స్క్రీన్‌షాట్ తీయకూడదు, రికార్డ్ చేయకూడదు, లీడ్ అయినా సరే. అది లేకపోతే నాది వ్యతిరేకమే.

తీరిక_లేదు
చేర్చాను. మూడో వాక్యం.