కసిమి నలుపు కాగితం మీద నిలవాలంటే ఏం చేయాలి?

గీతలపుస్తకం:
శ్రీకాళహస్తి కలంకారీలో వాడే కసిమి అనే నల్ల సిరాతో కాగితం మీద గీసి, పైన రంగులు వేస్తున్నాను. తుప్పు మేకులు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసిన కసిమి. గుడ్డకి పట్టించినట్టే కాగితానికీ కరక్కాయ నీళ్లలో గేదెపాలు కలిపి పూశాను. కాగితం 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాముల బరువు) డ్రాయింగ్ షీట్, కలం ఉన్ని చుట్టిన వెదురుపుల్ల.

గీత అంచులు పీచుల్లా పాకుతున్నాయి. పైన వాటర్‌కలర్ తగలగానే నలుపు బూడిదరంగులో కారుతోంది. దానిమ్మ తొక్క పసుపు వేస్తే మురికి ఆకుపచ్చ అవుతోంది. ఆరిన కొన్నాళ్లకి గీత చుట్టూ గోధుమరంగు మరక తేలుతోంది. ఎక్కడ సరిచేయాలి?

కరకపిందె:
గుడ్డకీ కాగితానికీ అసలు తేడా ఉతకడంలో ఉందండీ. కసిమిలోని ఇనుము కరక్కాయలోని వగరు పదార్థం టానిన్‌తో కలిసి నల్లబడి దారాన్ని పట్టుకుంటుంది. కలవకుండా మిగిలిన ఇనుము, పులుపు (ఆమ్లం) ఉతికేటప్పుడు పారే నీటిలో పోతాయి. మీ కాగితంలో ఆ మిగులంతా అలాగే ఉండిపోయింది. తడి తగిలితే కారేది అదే, కొన్నాళ్లకి కాగితాన్ని తినేదీ అదే. గోధుమరంగు మరక దానికి మొదటి గుర్తు. వదిలేస్తే గీత వెంబడే కాగితం పెళుసై చిట్లుతుంది.

కాబట్టి ఇనుము తగ్గించి టానిన్ పెంచండి. 100 మి.లీ. నీటిలో 5 గ్రాముల కరక్కాయ పొడి రాత్రంతా నానబెట్టి, పైన తేరిన నీటిని మాత్రం పలచటి గుడ్డలో వడకట్టి పూయండి. మడ్డి కలిస్తే చుక్కలు పడతాయి. కసిమికి సమానంగా నీళ్లు కలపండి. గీసేటప్పుడు లేతగా కనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ దిద్దొద్దు. గాలి తగిలేకొద్దీ కొన్ని గంటలపాటు నలుపు ముదురుతుంది.

ఒక రోజంతా ఆరాక వెడల్పాటి ట్రేలో మంచినీళ్లు పోసి కాగితాన్ని ఐదు నిమిషాలు ఉంచండి, నీళ్లు మార్చి ఇంకోసారి. ఇది 300 జీఎస్ఎం నూలు కాగితానికే కుదురుతుంది. మీ షీటుని మాత్రం తడపకండి, చినుగుతుంది.

పాలు మానేయండి. గుడ్డ మీద సిరా పాకకుండా ఆపేది పాలలోని కొవ్వు. మంచి వాటర్‌కలర్ కాగితానికి ఆ పని చేసే జిగురు తయారీలోనే పట్టించి ఉంటుంది. కాగితంలో పాలు ఉంటే వానాకాలంలో బూజు, పురుగు రెండూ వస్తాయి.

వెదురుకలం:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. గీత పాకడం గురించి ఇంకొంచెం.

కాగితం మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ఉబ్బుగా నిలబడితే సరే, వెంటనే ఇంకిపోతే ఆ కాగితం కసిమికి పనికిరాదు. రబ్బరుతో గట్టిగా చెరిపిన చోట కూడా పై జిగురు లేచిపోయి గీత పాకుతుంది. అందుకే తొలి గీతలకి కాల్చిన చింతపుల్ల బొగ్గే మేలు, గుడ్డతో విదిలిస్తే పోతుంది.

100 మి.లీ. కసిమిలో 2 గ్రాముల తుమ్మజిగురు వేసి కరిగేదాకా ఉంచండి. మచిలీపట్నం, పెడన అద్దకంలోనూ అచ్చుకి పట్టేలా రంగుని జిగురుతో చిక్కబరుస్తారు. జిగురు ఎక్కువైతే ఆరాక గీత మెరుస్తుంది, పెచ్చులు లేస్తుంది.

ఉన్ని చుట్టిన కలం గుడ్డ కోసం పుట్టింది. నొక్కగానే దిగే సిరాని గుడ్డ పీల్చుకోగలదు, కాగితం పీల్చుకోలేదు. ఉన్ని తీసేసి, మొన మధ్యలో సన్నగా చీల్చిన ఉత్త వెదురుతో గీయండి. స్టీలు పాళీ వాడితే పని అవగానే కడగాలి, ఆ పులుపుకి త్వరగా తుప్పుపడుతుంది.

పసుపుకొమ్ము:
దానిమ్మ తొక్కలోనూ టానిన్ ఉంటుంది కాబట్టి ఇనుము తగిలిన చోటల్లా ఆకుపచ్చగా మారుతుంది. కరకపువ్వు పసుపుదీ అదే గుణం. గీతకి ఆనుకున్న చోట ట్యూబు వాటర్‌కలర్ పసుపు వేసి, దానిమ్మని దూరంగా ఉన్న పెద్ద జాగాలకి ఉంచుకోండి. ఇంటి పసుపు వద్దు, వెలుతురుకి చాలా త్వరగా వెలిసిపోతుంది. కసిమి కుంచె, దాన్ని కడిగే గిన్నె వేరుగా పెట్టుకోండి.

ఇంకో మాట: పులుపు పోవడానికని సున్నపుతేట, వంటసోడా పూయకండి. నలుపు గోధుమరంగులోకి తిరుగుతుంది.

గీతలపుస్తకం:
అందరికీ ధన్యవాదాలండీ. కసిమి సరిగ్గా ఊరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఈసారి మేకులకి బదులు గిన్నెలు తోమే స్టీలు పీచు వాడొచ్చా?

కరకపిందె:
ఆ పీచు ఎక్కువగా స్టెయిన్‌లెస్, కరగదు. జింకు పూత మేకులూ వద్దు. లీటరు నీటికి 100 గ్రాముల తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం చెరో 50 గ్రాములు చాలు. మూత బిగించకండి, లోపల గ్యాసు పుడుతుంది. రెండు మూడు వారాలయ్యాక కరక్కాయ పూసి ఆరబెట్టిన కాగితం ముక్క మీద ఒక చుక్క వేయండి. చూస్తుండగానే నల్లబడితే వడకట్టుకోవచ్చు. బూడిదరంగు దగ్గరే ఆగితే ఇంకో వారం ఉంచండి.