అప్‌డేట్: హాలోవీన్ గుమ్మడికాయలు ఏం చేశానంటే

పోయిన వారం అడిగాను కదా, న్యూజెర్సీలో మా గుమ్మం ముందు హాలోవీన్‌కి పెట్టిన ఐదు గుమ్మడికాయలు మిగిలిపోయాయి, పారేయడానికి మనసొప్పడం లేదు, ఏం చేయాలని. సలహాలిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

ముఖాలు చెక్కిన రెండూ తినొద్దన్నారు, నిజమే, లోపల అప్పటికే నల్లగా బూజు పట్టింది. కొవ్వొత్తి మైనం గీకేసి, గింజలు తీసేసి, ముక్కలు కొట్టి కంపోస్టులో ఎండుటాకుల మధ్య వేశాను.

చెక్కని పెద్దకాయ నీరూ పీచూ ఎక్కువ, చప్పగా ఉంది. చింతపండు, బెల్లం దట్టించి పులుసు పెడితే బాగా కుదిరింది. కాకపోతే ముక్క ఇట్టే చితికిపోతుంది, పులుసు మరిగాకే వేయండి. చిన్నవి రెండూ షుగర్ పంప్‌కిన్లు. అవి మాత్రం అచ్చం మన ఊరి తీపి గుమ్మడే! ఒకటి ఆవపెట్టి కూర చేశాను, అమ్మ చేతి రుచి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. రెండోది తురిమి నేతిలో వేయించి హల్వా చేస్తే పిల్లలు గిన్నె ఖాళీ చేశారు.

చెక్కని కాయల గింజలు కడిగి, ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, తడి ఆరాక నూనె, కారం పట్టించి ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 20 నిమిషాలు వేయించాను. కరకరలాడుతున్నాయి.

వడియాలు పెట్టమన్న అక్కకి: వాటికి బూడిద గుమ్మడి కావాలండీ, పైగా ఇక్కడ నవంబర్ ఎండ చాలదు.