తోలు బైండింగు పుస్తకం, పాత రాతప్రతి, తాళపత్రాల కట్ట: చేతికి తొడుగులు వేసుకోవాలా?

పుటపిపాస:
రీడింగ్ రూములో పాత ప్రతులు చూడటం ఇదే మొదటిసారి. 18వ శతాబ్దపు అచ్చు పుస్తకం ఒకటి, అదే కాలపు చేతిరాత కాగితాలు, ఒక తాళపత్రాల కట్ట ఇస్తామన్నారు. సినిమాల్లో చూపించినట్టు తెల్ల గుడ్డ తొడుగులు కొనుక్కోవాలా? ఇంకోటి, చదవడానికి స్కాన్లు ఎలాగూ ఉన్నాయి. వస్తువు చేతిలో ఉంటేనే తెలిసేవి ఏంటో చెప్పండి.

అట్టబద్ద:
తొడుగులు వద్దండీ. గుడ్డ తొడుగు వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలీదు. పోగులు చిరుగుల్లో చిక్కుకుంటాయి. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టుకున్న చెయ్యి చాలు. లోషన్, శానిటైజర్ రాసుకోకండి. ఫొటోలు, లోహపు బిగింపులు ముట్టుకోవాలంటే నైట్రైల్ (పలచటి రబ్బరు లాంటి) తొడుగులు వేసుకోండి. 19వ శతాబ్దపు నిగనిగలాడే ఆకుపచ్చ గుడ్డ అట్టలకీ అంతే. ఆ రంగులో ఆర్సెనిక్ ఉండొచ్చు, అక్కడ కాపాడుకోవాల్సింది మిమ్మల్ని!

పుస్తకాన్ని బల్లపరుపుగా తెరవకండి. రెండు వైపులా ఫోమ్ దిమ్మలు పెట్టి 90 నుంచి 120 డిగ్రీల మధ్య ఆపండి. మొదటి పుటల్లో ఉన్నప్పుడు ఎడమ దిమ్మ ఎత్తుగా ఉండాలి. ముందుకెళ్లేకొద్దీ ఎడమ తగ్గించి కుడి పెంచాలి. ఈ మార్చడం దగ్గరే అందరూ బద్ధకిస్తారు, అట్ట వెన్నుని కలిసే మడత పగిలేది కూడా అందుకే. పుట తిప్పడానికి పై బయటి మూల కింద వేలు జార్చి, ఆకు బరువు అరచేతి మీద మోస్తూ తిప్పండి. వేలు తడి చేసుకోవడం నిషిద్ధం. రాసుకోవడానికి పెన్సిల్ మాత్రమే.

తోలు ఎర్రటి పొడిలా చేతికి అంటితే దాన్ని రెడ్ రాట్ అంటారు. నూనె, పాలిష్ రాస్తే బాగుపడదు. చెయ్యి కడుక్కున్నాకే లోపలి పుటలు ముట్టుకోండి.

గీటువెలుగు:
రెండో ప్రశ్నకి నా జవాబు ఒకటే: దీపాన్ని పుట పక్కన, బల్ల ఎత్తుకి దించండి. స్కాన్‌లో చదునుగా కనిపించిన పుట అప్పుడు ఎత్తుపల్లాలతో లేస్తుంది. సీసపు అక్షరాలు కాగితంలోకి దిగిన గుంటలు, వెనకవైపు వాటి ఉబ్బులు కనిపిస్తాయి. రాతప్రతిలో తప్పు అక్షరాన్ని చాకుతో గీకి దిద్దిన చోట నూగు లేచి ఉంటుంది.

తర్వాత లైట్ షీట్ (పలచటి వెలుగు పలక) అడిగి ఆకు కింద పెట్టించుకోండి. దగ్గర దగ్గర సన్నగీతలు, వాటికి అడ్డంగా ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్ల ఎడంలో మరికొన్ని గీతలు కనిపిస్తే అది తీగల జల్లెడ మీద చేత్తో ఎత్తిన కాగితం. ఆ దూరదూరపు గీతలు నిలువుగా ఉండి, వాటర్‌మార్క్ (వెలుగుకి పెడితే కాగితంలో కనిపించే గుర్తు) ఆకు మధ్యలో ఉంటే షీటుని ఒక్కసారి మడిచిన ఫోలియో. అవే గీతలు అడ్డంగా ఉండి, గుర్తు కుట్టు మడతలో సగం దాగితే రెండుసార్లు మడిచిన క్వార్టో. అసలు గీతలే లేకపోతే కంగారుపడకండి, 1757 నుంచి వోవ్ కాగితం (నేసిన తీగల జల్లెడ మీద తీసిన, గీతలు పడని కాగితం) మీద అచ్చేసిన పుస్తకాలున్నాయి.

రాతప్రతిలో సిరా గోధుమరంగులో ఉంటే అది మాచికాయ కషాయంలో అన్నభేది (ఇనుప లవణం) కలిపి చేసింది కావచ్చు. రాసిన కొత్తలో నల్లగానే ఉండి ఉంటుంది. అందులోని ఆమ్లం, ఇనుము కలిసి కాగితాన్ని తినేస్తాయి. ఆకు వెనకవైపు చూడండి. అక్షరం చుట్టూ గోధుమ నీడ, కలం ఒత్తిన లావు గీతల దగ్గర సన్నని పగుళ్లు ఉంటే ఆ ఆకుని వంచకూడదు, అక్షరాలు ముక్కలుగా రాలిపోతాయి.

తాటాకు:
తాళపత్రాల సంగతి వేరు. దారాన్ని గట్టిగా లాగితే రంధ్రం అంచులు కోసుకుపోతాయి, వదులు చేసి ఆకుల్ని ఒక్కొక్కటిగా జరపండి. ఈనెలు పొడుగునా ఉంటాయి కాబట్టి ఆకు చీలిందంటే ఆ చివరిదాకా పోతుంది. రెండు చేతులతో రెండు చివర్లూ పట్టే ఎత్తండి.

గంటంతో గీసిన అక్షరంలో సిరా ఉండదు. గీతలోకి తర్వాత మసి రుద్దుతారు. మసి పోయిన ఆకు ఖాళీగా ఉన్నట్టనిపిస్తుంది, పైన చెప్పిన వాలు వెలుగులో చూస్తే పంక్తులకు పంక్తులు బయటపడతాయి. నాకైతే ఇంతకు మించిన మజా లేదు.

అతుక్కున్న ఆకుల మధ్య గోరు గానీ చాకు గానీ దూర్చొద్దు. నిమ్మగడ్డి నూనె రాస్తే మెత్తబడతాయని ఎవరో ఒకరు చెబుతారు. అది కన్జర్వేటర్ (పాత ప్రతుల్ని బాగుచేసే నిపుణుడు) పని. సిరాతో రాసిన ఆకులైతే నూనెకి అక్షరాలు అలుక్కుపోవచ్చు. అంకెలు వరస తప్పి ఉంటే మీరు సర్దకండి, ఉన్న వరసని రాసుకుని సిబ్బందికి చెప్పండి.

పుటపిపాస:
లైట్ షీట్ లేదంటే ఫోన్ టార్చ్ వాడొచ్చా? ముందు ఏది చూడమంటారు?

గీటువెలుగు:
అనుమతి ఇస్తే వాడండి. కాసేపు వేసి ఆపేయండి, ఫ్లాష్ వద్దు. ముందు సిరా కాగితాలు, తర్వాత అచ్చు పుస్తకం, ఆఖర్న తాళపత్రాలు చూడండి. వాటి మసి చేతికి అంటుతుంది.