అప్‌డేట్: సర్వర్ హార్డ్‌వేర్ ఏజెంట్ తీసేశాను, డిస్క్ అలర్ట్‌లు ఇప్పుడు వస్తున్నాయి

కెర్నల్ (ఓఎస్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే మూల భాగం) మార్చాక సర్వర్ కంపెనీ ఇచ్చిన హార్డ్‌వేర్ ఏజెంట్ (సర్వర్ భాగాల్ని గమనించి అలర్ట్ పంపే ప్రోగ్రామ్) లేవడం లేదని, రెయిడ్‌లో (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) ఒక డిస్క్ పోయినా మాకు అలర్ట్ రాలేదని ఇంతకుముందు అడిగాను కదా, దాని సంగతి ఇది.

మీలో ఇద్దరు చెప్పినట్టు ముందు ఐపీఎంఐటూల్‌తో (ఐపీఎంఐ అంటే సర్వర్ హార్డ్‌వేర్‌ని గమనించే పద్ధతి, ఇది దాని కమాండ్) ఎస్ఈఎల్ లాగ్, అంటే హార్డ్‌వేర్ ఘటనల చిట్టా తీశాను. 'డ్రైవ్ ఫాల్ట్, అసర్టెడ్' (డిస్క్‌లో లోపం వచ్చిందని) అనే లైను అందులో పందొమ్మిది రోజులుగా ఉంది! బోర్డు మీదున్న బీఎంసీ (హార్డ్‌వేర్‌ని విడిగా గమనించే చిన్న చిప్) తన పని తాను చేసింది, దాన్ని మాకు చేరవేయాల్సిన ఏజెంట్ మాత్రం తన సొంత మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే ముక్క) కొత్త కెర్నల్‌కి కంపైల్ కాక ఆగిపోయింది, ఆగిపోయినట్టు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే.

దాన్ని పూర్తిగా తీసేశాను. ఫ్యాన్లు, ఉష్ణోగ్రత, పవర్ సప్లై అన్నీ కెర్నల్‌లో ఉన్న ఐపీఎంఐ డ్రైవర్లతోనే చదవొచ్చు. రెయిడ్ కార్డు వెనకున్న డిస్కులకి స్మార్ట్‌సీటీఎల్‌లో (డిస్క్ ఆరోగ్యం చూసే కమాండ్) మైనస్ డీ ఆప్షన్‌తో కార్డు రకం, డిస్క్ నంబర్ ఇవ్వాలి, నేను నంబర్ ఇవ్వకుండా రెండు గంటలు కొట్టుకున్నాను. ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ లోపలి సాఫ్ట్‌వేర్) రెడ్‌ఫిష్ ద్వారా, అంటే నెట్‌వర్క్ మీద నేరుగా బీఎంసీతో మాట్లాడే పద్ధతిలో ఎక్కింది, ఓఎస్‌లో ఏమీ పెట్టక్కర్లేకుండానే.

ఒక్కటి మాత్రం తప్పలేదు: అర్రే (రెయిడ్‌లోని డిస్కుల గుంపు) డిగ్రేడ్ అయిందా, అంటే డిస్క్ పోయి రక్షణ తగ్గిందా లేదా తెలియాలంటే మా కార్డుకి కంపెనీ కమాండ్‌లైన్ టూలే దిక్కు. దాన్ని క్రాన్‌లో (టైముకి పనులు నడిపే సాధనం) ఐదు నిమిషాలకోసారి నడిపి, అది ఫెయిలైనా సరే మెయిల్ వచ్చేలా రాశాను. నిన్న టెస్ట్ సర్వర్‌లో డిస్క్ పీకి చూశాను, నాలుగో నిమిషంలో మెయిల్ వచ్చింది.