పోయేముందు ఓటు ఇవ్వడం: హాంకాంగ్‌లో ప్యాటెన్ చేసింది సరైనదేనా?

ప్రశ్న (రాయగడ నుంచి)
అందరికీ నమస్కారం. మా తెలుగు గ్రంథాలయంలో ఈ ఆదివారం హాంకాంగ్ మీద చర్చ ఉంది, నేను మాట్లాడాలి, కొంచెం టెన్షన్‌గానే ఉంది. బ్రిటన్ తన పాలనలో ఉన్న హాంకాంగ్‌ను 1997 జూలై 1న చైనాకు అప్పగించాలని తెలిసీ, 1992లో బ్రిటిష్ గవర్నర్‌గా వచ్చిన క్రిస్ ప్యాటెన్ చైనా ఒప్పుకోకపోయినా ఎన్నికల పద్ధతి మార్చాడు. 1995లో ఆ పద్ధతిలో ఎన్నికైన శాసనసభను చైనా అప్పగింత రోజునే తీసేసింది, అంటే రెండేళ్లు కూడా నిండలేదు. చైనా ఒప్పుకున్నంత వరకే చేసి ఊరుకుంటే ఆ సభ అలాగే కొనసాగేది కదా? నాకు అదే మంచిదనిపిస్తోంది.

జవాబు (బరంపురం నుంచి)
తమ్ముడూ, 1992 నుంచి మొదలుపెడితే అసలు తప్పు కనబడదు. అప్పగింత గురించి బ్రిటన్, చైనాల ఒప్పందం మీద సంతకాలు 1984 డిసెంబర్‌లోనే అయ్యాయి, చేతిలో 12 ఏళ్లకు పైనే ఉంది. 1985లో సభకు మొదటిసారి 24 మంది ఎన్నికయ్యారు గానీ వాళ్లను ఎన్నుకున్నది వృత్తి వర్గాలు, జిల్లా బోర్డుల వంటివి, వీధిలో మనిషికి ఓటు లేదు. 1988లోనే నేరుగా ఎన్నికలు పెట్టాలా అని 1987లో ప్రభుత్వమే అడిగింది. పెట్టమని 2 లక్షల మందికి పైగా సంతకాలు చేసి ఇస్తే వాటిని విడి ఉత్తరాలుగా లెక్కపెట్టలేదు, వద్దంటూ వచ్చిన అచ్చు ఫారాలను మాత్రం ఒక్కోటీ ఒక ఉత్తరమని లెక్కేశారు! ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అలా 1991కి వాయిదా వేశారు, అప్పుడూ 60లో 18 సీట్లే. ఈలోగా 1989లో బీజింగ్ తియనాన్మెన్ చౌక్‌లో నిరసనకారులను చైనా సైన్యం అణచివేసింది, 1990లో అప్పగింత తర్వాత హాంకాంగ్‌ను నడిపే మూల చట్టం, బేసిక్ లా, చైనా ఖాయం చేసేసింది. ఆ చట్టం రాస్తున్న రోజుల్లోనే జనం ఎన్నుకున్న సభ నడుస్తూ ఉంటే, దాన్ని పక్కన పెట్టి రాయడం వాళ్లకు కష్టమయ్యేది.

జవాబు (పర్లాకిమిడి నుంచి)
అన్నగారు చెప్పిన ఆలస్యం నిజమే, కానీ ఆలస్యమైంది కాబట్టి మానేయాలంటే ఒప్పుకోను. నేరుగా ఎన్నికయ్యే సీట్లు 20కి మించకూడదని అప్పటికే తేలిపోయింది, అందుకే ప్యాటెన్ మిగిలిన సందులు వాడుకున్నాడు: ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించాడు, వృత్తి వర్గాల్లో కొత్తగా 9 సీట్లు పెట్టి దాదాపు ఉద్యోగం చేసేవాళ్లందరినీ, అంటే సుమారు 27 లక్షల మందిని, వాటిలోకి తెచ్చాడు. చైనా 1996 డిసెంబర్‌లో 400 మంది కమిటీతో వేరే సభను ఎంపిక చేయించింది, అది అప్పగింత దాకా పక్కనే చైనాలో ఉన్న షెన్‌జెన్ నగరంలో కూర్చుంది. సభ పోయింది, సరే. మా ఊరు 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వచ్చింది. మరుసటి ఏడు ఎన్నికలైతే ఆస్తో చదువో ఉన్నవాళ్లకే ఓటు, మా తాతకు రెండూ లేవు. మమ్మల్ని ఎవరడిగారురా అని చివరిదాకా అనేవాడు. హాంకాంగ్‌లో 1995లో ఓటేసినవాడు కనీసం ఆ మాట అనక్కర్లేదు.

జవాబు (జయపురం నుంచి)
ఇంకా వెనక్కి వెళ్లండి. 1946లోనే మార్క్ యంగ్ అనే గవర్నర్ ఎన్నికలతో ఒక నగర కౌన్సిల్ పెడదామని ప్లాన్ ఇచ్చాడు, 1952లో దాన్ని అటకెక్కించారు. అప్పటికి అప్పగింత గడువు ఇంకా 45 ఏళ్లు.

రాయగడ నుంచి
ఆ అచ్చు ఫారాల సంగతి నాకు అస్సలు తెలియదు అన్నా. చైనా ఒప్పుకున్నంతే చాలు అన్న మాట తీసేస్తున్నాను. 1987 నుంచే మొదలుపెడతాను, పర్లాకిమిడి గారూ, మీ తాతగారి మాట కూడా చెప్పుకోవచ్చా?

పర్లాకిమిడి నుంచి
తప్పకుండా చెప్పు బాబూ.